చదివి వినిపించాను

బార్ కౌన్సిల్ నుంచి నోటీసు వచ్చి పదకొండు రోజులైంది. జవాబివ్వడానికి గడువు పదిహేను రోజులు. లాయరు భానోజీరావు ఆ జవాబు ఏడుసార్లు రాసి ఏడుసార్లు చింపాడు. ఎనిమిదోది బాగా కుదిరిందనిపించింది. దాన్ని కవర్లో పెట్టుకుని, మే నెల ఎండలో, గురువుగారింటికి బయల్దేరాడు.

గురువుగారంటే దూసి సదాశివరావు గారు. నాగావళి ఒడ్డున ఒక చిన్న ఊరి కోర్టులో నలభై నాలుగేళ్లు ప్లీడరీ చేసి, చూపు మందగించాక గౌను మడిచి పెట్టెలో పెట్టేసిన మనిషి. భానోజీరావు ఆయన దగ్గర ఆరేళ్లు జూనియరుగా ఉన్నాడు. తర్వాత సొంతంగా బోర్డు పెట్టి ఇరవై రెండేళ్లు. ఇప్పుడు ఆ కోర్టులో సివిలు కేసులు సగం అతనివే. దెప్పడానికి చెప్పడం లేదు. అంత పని మీద పడబట్టే ఈ కథ జరిగింది.

రాళ్లపేటలో సూరీడమ్మ అనే ముసలామెకి ఎకరన్నర జీడితోట ఉంది. అందులో దక్షిణం వైపు ఒక నుయ్యి, నూతి చుట్టూ ఆరు పనస చెట్లు. ఆమె మరిది కొడుకు తన పొలానికి ఆ తోటలోంచి దారి కావాలని దావా వేశాడు. మూడేళ్లు కోర్టు చుట్టూ తిరిగాక సూరీడమ్మ విసిగిపోయింది. పోనీ, బండి పట్టేంత దారి ఇచ్చేస్తాను, ఇంతటితో వదిలెయ్యమనండి, అంది. భానోజీరావు సరేనని, రాజీ కాగితం తయారు చెయ్యమని గుమాస్తా కామేశానికి చెప్పాడు.

కామేశం కంప్యూటర్లో ఉన్న పాత రాజీ కాగితం ఒకటి తీశాడు. పేర్లు మార్చాడు, సర్వే నంబరు మార్చాడు, దారి సంగతి చేర్చాడు. ఒక్క పేరా మాత్రం తీసెయ్యడం మరిచిపోయాడు. ఆ పాత కేసులో ఎవరో అన్నదమ్ములు తోట పంచుకున్నారు. దక్షిణపు సగం మీద నాకున్న హక్కంతా వదులుకుంటున్నాను అని వాళ్లలో ఒకడు రాసిచ్చిన మాట, సూరీడమ్మ కాగితంలో అలాగే ఉండిపోయింది. ఇంగ్లీషులో ఉంది. ఆ కాగితం చివర ఆమె ఎడమ బొటనవేలి ముద్ర పడింది.

ఆ రోజు లోక్ అదాలత్. ఒక్క పూటలో అరవై రాజీలు. రాజీ పడ్డావా అమ్మా అని జడ్జీగారు అడిగారు. పడ్డాను బాబూ అంది సూరీడమ్మ. అబద్ధం కాదు. ఆమె పడిన రాజీ వేరు, కాగితంలో ఉన్న రాజీ వేరు. ఆ తేడా పట్టుకోవలసిన మనిషి ఆమె పక్కనే నల్లకోటు వేసుకుని నిలబడి, తర్వాతి కేసు కట్ట విప్పుతున్నాడు.

వేలిముద్ర కింద ఒక మాట ఉండాలి. చదువురాని పార్టీ అయితే, 'ఈ కాగితం పార్టీకి తెలుగులో చదివి వినిపించాను, అర్థమైందని చెప్పాక నా ఎదుట వేలిముద్ర వేశారు' అని లాయరు రాసి సంతకం పెట్టాలి. గురువుగారు ఆ మాట ప్రతిసారీ చేత్తో రాసేవారు. రాసేముందు అందులో ఉన్నది చేసేవారు. పార్టీని ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాక్యం చదవడం, ఆగడం, అర్థమైందా అనడం. అంతా అయ్యాక, ఇప్పుడు నీ మాటల్లో నాకు చెప్పు అనేవారు. సరిగ్గా చెప్పలేకపోతే మళ్లీ మొదటి నుంచీ. ఒకసారి మునసబు గారు కేసు పిలిచి, ప్లీడరెక్కడ అని బంట్రోతుని పంపితే, మా పార్టీ ఇంకా వింటున్నాడండి అని చెప్పి పంపించారు. పక్కన సిరా పెట్టె పట్టుకుని నిలబడ్డ భానోజీరావుకి ఆ రోజుల్లో కాళ్లు లాగేవి.

అందుకే సొంత బోర్డు పెట్టిన మూడో ఏట ఆ వాక్యాన్ని రబ్బరు స్టాంపు చేయించాడు. కొత్తలో ముచ్చటపడి గురువుగారికి చూపించాడు కూడా. ఆయన దాన్ని తిరగేసి చూసి, అక్షరాలు బాగా వచ్చాయి అని తిరిగి ఇచ్చేశారు. స్టాంపు కామేశం బల్ల మీదికి చేరింది. కామేశం స్టాంపు కొట్టి పెట్టేవాడు, భానోజీరావు సాయంత్రం వచ్చి కట్టగా సంతకాలు చేసేవాడు.

మరిది కొడుకు ఆ రాజీ మీద వచ్చిన డిక్రీ కాపీ తెచ్చి, దక్షిణపు సగం నాది అన్న రోజున సూరీడమ్మకి సంగతి తెలిసింది. ఊళ్లో టీచరు చేత ఫిర్యాదు రాయించి బార్ కౌన్సిల్‌కి పంపింది.

ఇప్పుడు చిక్కు ఇది. ఆ డిక్రీని కోర్టు తిరగదోడాలంటే, ఆ కాగితం ఆమెకి ఎవరూ చదివి వినిపించలేదని తేలాలి. తేల్చగలిగినవాడు కింద సంతకం పెట్టిన మనిషి ఒక్కడే. చదివానని అతను నిలబడితే గౌను నిలుస్తుంది, ఆమెకి నుయ్యీ పనస చెట్లూ పోతాయి. చదవలేదని ఒప్పుకుంటే ఆమెవి ఆమెకి రావచ్చు. అతని గౌను మాత్రం ఎన్నాళ్లు పోతుందో, అసలు తిరిగొస్తుందో రాదో బార్ కౌన్సిల్ చెప్పాలి.

ఎనిమిదో జవాబులో భానోజీరావు చదివాననే రాశాడు.

గురువుగారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. భానోజీరావు కాళ్లకి దండం పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుని, సంగతంతా చెప్పాడు. చివరికి తను వచ్చిన పని కూడా చెప్పాడు. కాగితాల విషయంలో భానోజీరావు ఎంతో జాగ్రత్తపరుడని, ఇరవై ఎనిమిదేళ్లుగా ఎరుగుదునని గురువుగారు రెండు ముక్కలు రాసి సంతకం చేస్తే, జవాబుతో జతచేస్తాడు. ఆయన మాటకి బార్ కౌన్సిల్లో ఇప్పటికీ విలువుంది.

గురువుగారు అతనిచ్చిన కవరు విప్పలేదు.

"కామేశం ఎలా ఉన్నాడు?" అన్నారు.

"పనిలోంచి తీసేశాను గురువుగారూ. అదీ జవాబులో రాశాను. చేసిందంతా అతనే కదా. మీ దగ్గర పదహారేళ్లు ఒక్క తప్పు లేకుండా చేశాడని నమ్మి పెట్టుకున్నాను."

గురువుగారు కవరు తిరగేసి చూస్తూ అడిగారు.

"ఈ జవాబు సూరీడమ్మకి చదివి వినిపించావా?"

ఆయనకి వయసు మీదపడి మతి తప్పిందేమోనని భానోజీరావుకి అనుమానం వచ్చింది. "ఆవిడ నా మీద ఫిర్యాదు చేసిన మనిషి గురువుగారూ. జవాబు కౌన్సిల్‌కి పంపాలి గానీ, ఆవిడకి చదివి వినిపించడమేమిటి?"

"ఇందులో ఉన్నది ఆమె గురించే కదా," అంటూ గురువుగారు లేచారు. లోపలికి వెళ్లి, పెట్టెలోంచి పాత నల్లకోటు తీసి వేసుకుని వచ్చారు. భుజాల దగ్గర రంగు వెలిసి, బొత్తాలు రెండే మిగిలిన కోటు. ఎనభై ఒక్కేళ్ల మనిషి ఆ ఎండలో కోటు వేసుకుని చెప్పుల్లో కాళ్లు పెడుతుంటే వద్దనే ధైర్యం భానోజీరావుకి లేకపోయింది. కారు తెప్పిస్తానన్నాడు. పార్టీలు బస్సులోనే వస్తారయ్యా అన్నారు గురువుగారు.

రాళ్లపేట బస్సులో ముప్పావు గంట. దిగాక తోట దాకా నడక. కంచె పోయిన వారమే వేశారు. కొత్త రాళ్లు, కొత్త ముళ్ల తీగ. తీగకి అవతల నుయ్యి, నూతి చుట్టూ పనస చెట్లు. ఆరు కాదు, ఐదు. ఆరోదాని మొదలు తెల్లగా కనిపిస్తోంది. మరిది కొడుకు దాన్ని కొట్టించి కలప అమ్మేశాడు. భానోజీరావు ఆ మొదలు వంక చూసి చూపు తిప్పుకున్నాడు. డిక్రీలో ఈ వైపంతా ఒక్క ఇంగ్లీషు అక్షరం, సౌత్ అన్న మాటకి పొట్టి రూపం. ఇక్కడ ఆ మొదలు మీద చీమలు పాకుతున్నాయి.

సూరీడమ్మ కంచెకి ఇవతల పాకలో ఉంది. వచ్చినవాణ్ని చూడగానే ఆమె ముఖం ముడుచుకుంది. కానీ వెనకాల నల్లకోటులో అంత పెద్దాయన నిలబడి ఉండేసరికి చాప పరిచింది.

"కూకోండి బాబూ," అని చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టింది.

గురువుగారు చాప మీద కూర్చున్నారు. భానోజీరావునీ కూర్చోమన్నారు. "అమ్మా, ఈయన నీ గురించి ఒక కాగితం రాశాడు. పై వాళ్లకి పంపేముందు నువ్వు వినాలి. నేను చదువుతాను. తెలియనిచోట ఆపు," అన్నారు.

జవాబు ఇంగ్లీషులో ఉంది. గురువుగారు మందపాటి కళ్లద్దాలు పెట్టుకుని, అక్షరాల కింద వేలు కదుపుతూ, అప్పటికప్పుడు తెలుగు చేసి చదివారు. గొంతులో ఎగతాళి లేదు, కోపం లేదు. పార్టీకి చదివినట్టే చదివారు. భానోజీరావు పాతికేళ్ల కిందట రోజూ విన్న గొంతు అదే.

తాను ఇరవై రెండేళ్లుగా సొంతంగా ప్రాక్టీసు చేస్తున్నానని, ఇంతవరకూ తన మీద ఏ ఫిర్యాదూ లేదని మొదటి వాక్యం. గురువుగారు ఆగారు.

"అర్థమైందా అమ్మా?"

"అయినాది బాబూ. మంచి బాబనే నానూ ఈ బాబు కాడికెళ్లినాను."

కాగితంలో పొరపాటు గుమాస్తా కామేశం వల్ల జరిగిందని, అతన్ని పనిలోంచి తొలగించానని రెండో వాక్యం.

సూరీడమ్మ కొంచెం ఆలోచించింది. "ఆ బట్టతలాయనా? ముద్ర ఏసినంక నూనె గుడ్డతోటి నా ఏలు తుడిసినాడు. ఆ రోజు నాతోటి మాటాడినోడు ఆయనొక్కడే. పనిలోంచి తీసేసినారేటి పాపం."

నూనె గుడ్డ గురువుగారి అలవాటు. ముద్ర వేసిన వేలికి సిరా మిగలకూడదని కొబ్బరినూనె గుడ్డ ఇచ్చేవారు. కామేశం అది నేర్చుకున్నాడు, ఇన్నేళ్లయినా మానలేదు. భానోజీరావుకి ఈ సంగతి ఇప్పటిదాకా తెలీదు. స్టాంపు వచ్చాక ముద్రలు వేసేచోట అతనెప్పుడూ లేడు.

గురువుగారి వేలు మూడో వాక్యం కిందికి వచ్చింది.

"రాజీ కాగితాన్ని నేను సూరీడమ్మకి తెలుగులో పూర్తిగా చదివి వినిపించాను. అర్థమైందని ఆమె చెప్పాకే నా ఎదుట వేలిముద్ర వేసింది."

ఆగారు. "అర్థమైందా అమ్మా?"

సూరీడమ్మ భానోజీరావు వంక చూసింది. తిడుతుందనుకున్నాడు. శాపనార్థాలు పెడుతుందనుకున్నాడు. వాటికి అతను సిద్ధంగానే ఉన్నాడు, కోర్టులో అలాంటివి ఎన్ని చూడలేదు. కానీ ఆమె కళ్లు చికిలించి, ఏదో గుర్తు తెచ్చుకోవడానికి తంటాలు పడుతోంది.

"ఎప్పుడు బాబూ?" అంది.

భానోజీరావు చెంబు అందుకుని నీళ్లు తాగాడు.

"కాదు బాబూ, నాకు మరుపొచ్చేసినాది. పొయ్యి మీద ఎసరెట్టి మరిసిపోతన్నాను. నువ్వు సదివితే నానే మరిసిపోనానేటో. లేనిపోని పిర్యాదు ఎట్టేసినానేటో. సదువుకున్నోడివి, నువ్వెందుకు అబద్దమాడతావు? సెప్పు బాబూ, ఎప్పుడు సదివినావు?"

గురువుగారు కాగితాన్ని మడవకుండా భానోజీరావు ముందుకి చాచారు. భానోజీరావు అందుకోలేదు. తోట సగం పోయింది చాలక, ఆ ముసలిప్రాణానికి తన బుద్ధి మీదే తనకి అనుమానం వచ్చేలా చేస్తోంది ఈ కాగితం. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. అలాంటి సిగ్గు అతనికి చిన్నప్పుడు కూడా తెలీదు.

"చదవలేదమ్మా," అన్నాడు. మళ్లీ అన్నాడు. "నేను చదవలేదు. ఎప్పుడూ చదవలేదు. నీకు మరుపు కాదు."

సూరీడమ్మ పెద్దగా ఊపిరి వదిలింది. పైటతో కళ్లు తుడుచుకుంది.

"అమ్మయ్య. మతి పోనాదనే బయ్యమేసినాది బాబూ," అంది.

వచ్చేటప్పుడు ఆమె గురువుగారికి ఒక పనసకాయ ఇచ్చింది. కంచె పడక ముందు కోసిందట, ఇంట్లో ముగ్గుతోంది. మళ్లీ కోసేది ఎప్పుడో తెలీదు కాబట్టి పెద్దవారు తీసుకోవాలంది. బస్టాండు దాకా దాన్ని భానోజీరావే మోశాడు. ముళ్లు గుచ్చుకుంటున్నా భుజం మార్చుకోలేదు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు అతను అడిగాడు. "కామేశం మీ దగ్గరున్నప్పుడు ఎందుకు తప్పులు చెయ్యలేదు గురువుగారూ?"

గురువుగారు రోడ్డు వంక చూస్తూ చెప్పారు.

"రోజూ చేసేవాడు."

తర్వాత జరిగింది ముందే చెప్పేస్తాను, దాని కోసం ఎవరూ ఆగక్కర్లేదు. బార్ కౌన్సిల్ భానోజీరావుని ఏడాది పాటు ప్రాక్టీసు నుంచి ఆపింది. ఊరి లాయర్లలో కొందరు జాలిపడ్డారు, కొందరు నవ్వారు, ఒకరిద్దరు తమ బల్లల మీది రబ్బరు స్టాంపులు సొరుగుల్లోకి తోశారు. అతని సాక్ష్యం మీద కోర్టు ఆ డిక్రీని కొట్టేసింది. కంచె తీసేశారు. కొట్టేసిన చెట్టు మాత్రం రాలేదు, రాదు కూడా. కామేశం కొత్త జవాబు పంపిన మర్నాడే తిరిగి పనిలోకి వచ్చాడు. భానోజీరావే అతని ఇంటికి వెళ్లి పిలుచుకొచ్చాడు. గుమ్మంలో ఏం మాట్లాడుకున్నారో వాళ్లిద్దరికే తెలుసు.

ఇవన్నీ తర్వాతి మాటలు. పద్నాలుగో రోజు పొద్దున్నకి ఇవేవీ అతనికి తెలీవు. గౌను ఇక జన్మలో వేసుకోలేనేమో అన్న భయంతోనే ఆ పొద్దున్న గురువుగారింటికి వచ్చాడు. చేతిలో కొత్త జవాబు ఉంది. ఈసారి తెలుగులో, చేత్తో రాసింది, ఒకటిన్నర పేజీ. కాగితం నాది, సంతకం నాది, చదవలేదు, అని ఉంది అందులో. కామేశం పేరు లేదు. జతచేసినవి అన్నచోట ఒకే ఒక్కటి రాశాడు: రబ్బరు స్టాంపు. అది కూడా చిన్న గుడ్డలో చుట్టి తెచ్చాడు.

ముందురోజు ఒక్కడే బస్సెక్కి రాళ్లపేట వెళ్లి వచ్చాడు. చాప మీద కూర్చుని ఆ ఒకటిన్నర పేజీ చదివాడు. వాక్యం చదవడం, ఆగడం, అర్థమైందా అనడం. చదివాక, ఇప్పుడు నీ మాటల్లో నాకు చెప్పమ్మా అని అడిగాడు. సూరీడమ్మ చెప్పింది. ఒకచోట తప్పు చెప్పింది. మళ్లీ మొదటి నుంచీ చదివాడు. అప్పుడు కాగితం అడుగున ఆ పాత వాక్యంలో తనకి పనికొచ్చినంత మేర చేత్తో రాశాడు. ఈ జవాబు సూరీడమ్మకి తెలుగులో చదివి వినిపించాను. అర్థమైందని చెప్పింది. అక్షరాలు వంకరగా వచ్చాయి. పందొమ్మిదేళ్లుగా ఆ వాక్యం రాయని చెయ్యి మరి.

గురువుగారు వరండాలో పాత పేపరు పరుచుకుని, అరచేతులకి కొబ్బరినూనె రాసుకుని, ఆ పనసపండు కోస్తున్నారు. పాలు అంటకుండా ఒక్కో తొనా ఓపిగ్గా తీసి పళ్లెంలో పెడుతున్నారు. భానోజీరావు స్టూలు మీద కూర్చోలేదు. ఆయన ఎదురుగా నేల మీదే కూర్చుని, కాగితం ముందు పెట్టాడు.

"ఒకసారి చూడండి గురువుగారూ. పంపేముందు మీరు కూడా చదివితే నాకు ధైర్యంగా ఉంటుంది."

గురువుగారు కాగితం చదవలేదు. అడుగున వంకర అక్షరాల్లో ఉన్న రెండు ముక్కల మీద మాత్రం ఒక్క క్షణం ఆయన చూపు ఆగింది. పళ్లెం అతని ముందుకి జరిపారు.

"ఆమె విన్నది కదా," అన్నారు.